తనకు తాను వేసికొన్న లంకె

ఉచిత సభ్యత్వ ప్రొఫైళ్లతో వెబ్‌సైటు పైకి రాగలదా?

ఆత్రేయపురమున పూతరేకులు చుట్టి అమ్ముకొను ఒక కుటుంబము, దేశాంతరములందున్న తెలుగువారికి సైతము తమ సరకు చేరవలెనను కోరికతో, ఒక వెబ్‌సైటు నెలకొల్పినదనుకొందము. పుటలు చక్కగా కుదిరినవి. ఫొటోలు కన్నులకింపుగా నున్నవి. ధరలు, పంపుటకగు ఖర్చులు, నిలువయుండు దినములు అన్నియు స్పష్టముగా వ్రాయబడినవి. అయినను గూగుల్‌లో ‘పూతరేకులు’ అని వెదకినవారికి ఆ సైటు మొదటి పుటలో గాని, రెండవ పుటలో గాని, అయిదవ పుటలో గాని కానరాదు. ఇట్టి నిరాశలో నున్నవారికి తరచుగా లభించు సలహా యొకటి గలదు: బ్యాక్‌లింకులు, అనగా ఇతర సైట్లనుండి మీ సైటునకు వచ్చు లంకెలు, లేకపోవుటయే మీ లోపము, ఉచితముగా సభ్యత్వమిచ్చు సైట్లు వందలకొలది గలవు, ప్రతిదానియందును ఒక ఖాతా తెరచి, ఆ ప్రొఫైలులో మీ సైటు చిరునామా చేర్చుడు, లంకెలు పెరిగినకొలది మీ స్థానము పైకి వచ్చును. డిజిటల్ మార్కెటింగు నేర్పు శిక్షణలలో ‘ఆఫ్ పేజ్’ (సైటు వెలుపల చేయు పనులు) అను పాఠమున ‘ప్రొఫైల్ క్రియేషన్’ అనునది ఇప్పటికిని ఒక అభ్యాసముగా నిలిచియున్నది. అట్టి సైట్ల జాబితాలు చేతులు మారుచున్నవి. వందకింత, వేయికింత అని వెలకట్టి ఆ పని చేసిపెట్టువారును గలరు.

ఈ సలహా వినుటకు ఇంపైనది, ఆచరించుటకు సులభమైనది. కాని దానిలో ఒక చిక్కు ప్రశ్న ఇమిడియున్నది. రుసుము లేక, అర్హత లేక, ఎవ్వరైనను అయిదు నిముషములలో సంపాదింపగల వస్తువు, పోటీలో నొకనిని మరియొకనికంటె మిన్నగా ఎట్లు నిలుపగలదు? పూతరేకులమ్ము పదిమందియు ఆ నూరు సైట్లలోనే ఖాతాలు తెరచినచో, పదిమందియు మరల ఒకే మెట్టుపై నుందురు గదా! ఈ ప్రశ్నకు సమాధానము గూగుల్ వారి నిబంధనలలో కంటె, శోధన యంత్రము లంకెను తూచు విధానమునందే స్పష్టముగా దొరకును. అందుచేత ముందుగా ఆ తూకమునే పరిశీలింతము.

లంకెకు విలువ యెట్లు వచ్చెను?

1989 మార్చిలో టిమ్ బెర్నర్స్ లీ, జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున, పత్రములను పరస్పరము ముడివేయు ఒక వ్యవస్థను ప్రతిపాదించిననాడు, లంకె యనగా పఠితను ఒక పత్రమునుండి మరియొక పత్రమునకు గొనిపోవు దారియే; దానికొక తూకము కలుగునని తలపోయుటకు అప్పుడు అవసరమే లేదు. తరువాతి అయిదారేండ్లలో పుటలు వేలనుండి లక్షలకు, లక్షలనుండి కోట్లకు పెరుగగా, వానిలో కావలసినదానిని వెదకి తెచ్చు యంత్రములు పుట్టినవి. 1995 చివర వెలువడిన ఆల్టావిస్టా వంటి ఆ తొలి యంత్రములు ప్రధానముగా పుటలోని పదములనే చూచెడివి: వెదకిన పదము ఎన్నిమారులు వచ్చినది, శీర్షికలో వచ్చినదా, మొదటి పంక్తులలో వచ్చినదా యని. ఈ పద్ధతియందలి బలహీనత త్వరలోనే బయటపడినది. పదములన్నియు పుట వ్రాసినవాని చేతిలోనివే గనుక, కావలసిన పదమును నూరుమారులు వల్లించి, తెల్లని నేపథ్యముపై తెల్లని అక్షరములతో దాచిపెట్టి, మొదటి స్థానమును కైవసము చేసికొను నేర్పరులు బయలుదేరిరి. తన్ను గురించి తానే చెప్పికొను మాటను నమ్మి వరుస కట్టు యంత్రము మోసపోక తప్పలేదు.

దీనికి విరుగుడు సమాచార సూచికలు కూర్చువారి శాస్త్రమునుండి వచ్చుట విశేషము. అమెరికా దేశీయుడైన యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించి, ఒక పరిశోధన పత్రమును తరువాతివారు ఎవరెవరు ఉదాహరించిరో తెలుపు సూచికలు శాస్త్రజ్ఞులకు ఎంతయో ఉపకరించునని వాదించెను. ఆ యూహయే 1964లో ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ అను మహాసూచికగా రూపొందినది. 1976లో గేబ్రియల్ పిన్‌స్కీ, ఫ్రాన్సిస్ నారిన్ అనువారు మరియొక అడుగు ముందుకు వేసి, ఉదాహరణములను ఊరక లెక్కించుట చాలదనియు, ఉదాహరించిన పత్రికకు ఎంత పలుకుబడి గలదో దానినిబట్టి ఒక్కొక్క ఉదాహరణమునకు వేరు తూకము ఈయవలెననియు చూపిరి.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు 1996లో ‘బ్యాక్‌రబ్’ అను పేర నడపిన పనికి ఈ సంప్రదాయమే పునాది. పరిశోధన పత్రమునకు ఉదాహరణము ఎట్టిదో, వెబ్ పుటకు లంకె యట్టిదని వారు గ్రహించిరి. ఆ తూకమునకు పేజ్‌ర్యాంక్ అని పేరిడిరి. 1998 ఏప్రిలులో బ్రిస్బేన్ నగరమున జరిగిన వరల్డ్ వైడ్ వెబ్ సభలో తమ యంత్రమును వర్ణించునాటికి, దాని సంచయమున కనీసము 2 కోట్ల 40 లక్షల పుటలును, 51 కోట్ల 80 లక్షల లంకెల పటమును ఉండెను. ఈ గణనను విపులముగా వివరించిన నివేదికకు వారితోపాటు, జమ్మూలో జన్మించి కాన్పూరు ఐఐటీలో చదువుకొన్న ఆచార్య రాజీవ్ మొట్వానీయు, ఆచార్య టెరీ వినోగ్రాడ్‌ను సహరచయితలు. ఇంచుమించు ఆ కాలముననే జాన్ క్లైన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి భావమునే వేరొక రూపమున స్వతంత్రముగా ప్రతిపాదించెను.

పుటలోని మాట పుట యజమాని వ్రాసికొనునది. పుటకు వచ్చు లంకె పరులు వ్రాయునది. ఈ యొక్క భేదము వలననే లంకెకు సాక్ష్యపు విలువ కలిగినది. పాఠకుడు ఈ వాక్యమును మనసున నుంచుకొన్నచో, తరువాతి కథలో చాలభాగము సులభముగా బోధపడును.

వాన నీరు, కాలువ నీరు

పేజ్‌ర్యాంకును దాని కర్తలు ఒక ఊహామానవుని ద్వారా వివరించిరి. అతడు అంతర్జాలమున ఏదో యొక పుటలో నుండును. ఆ పుటలోని లంకెలలో నొకదానిని గ్రుడ్డిగా ఎన్నుకొని తరువాతి పుటకు పోవును. అక్కడినుండి మరియొకదానికి పోవును. అప్పుడప్పుడు విసుగు చెంది, లంకెలను విడిచి, సమస్త జాలములో నెక్కడనో యొక పుటకు దుముకును. నూటికి 85 పాళ్లు లంకెలవెంట నడచుట, 15 పాళ్లు దుముకుట యని వారు సాధారణముగా గైకొన్న లెక్క. ఇట్లు అంతులేక తిరుగగా, అతడు ఏ పుటలో నెంతభాగము కాలము గడపునో, అదియే ఆ పుట తూకము.

చెరువుక్రింది సేద్యమును ఎరిగినవారికి ఇది మరింత సుబోధమగును. ప్రతి మడికిని ఆకాశమునుండి సమానముగా కొంత వాన పడును. పైని చెప్పిన దుముకుట వలన వచ్చు కనీసపు వాటా యట్టిది. తక్కిన నీరంతయు కాలువలవెంట వచ్చును. ఒక మడికి చేరిన నీరు, కొంత ఇంకిపోగా, ఆ మడినుండి తీసిన పిల్లకాలువలన్నింటికిని సమముగా పంచబడును. కావున ఒక కాలువ యెంత నీరు తెచ్చుననునది రెండు విషయములపై ఆధారపడును: అది బయలుదేరు మడిలో నీరెంత గలదు, ఆ మడినుండి ఎన్ని కాలువలు బయలుదేరుచున్నవి. నిండు చెరువు తూమునుండి నేరుగా వచ్చు ఒక్క కాలువ, మెరక పొలములనుండి తీసిన నూరు కాలువలకంటె ఎక్కువ నీరు తేగలదు. పొలమునకు ఎన్ని కాలువలు వచ్చుచున్నవని మాత్రమే లెక్కించు రైతు పంట సంగతి తెలిసికొనజాలడు.

ఇందొక అందమైన గణితధర్మము గలదు. ఒక పుట తూకము తెలియవలెనన్నచో, దానికి లంకెనిచ్చు పుటల తూకము ముందు తెలియవలెను. వాని తూకము తెలియుటకు వానికి లంకెనిచ్చు పుటల తూకము కావలెను. ఇది ఆద్యంతములు లేని వలయమని తోచును. అయినను అన్ని పుటలకును సమముగా మొదలిడి, నీటిని మరల మరల పంచుచు పోయినచో, అంకెలు క్రమముగా కుదుటపడును. 32 కోట్ల 20 లక్షల లంకెలున్న సంచయముపై సుమారు 52 ఆవృత్తులలో అవి తగినంత స్థిరపడినవని ఆ పరిశోధకులు వ్రాసిరి. రష్యా గణితజ్ఞుడు ఆంద్రేయ్ మార్కొవ్ 1906లో ఆరంభించిన ‘గొలుసుల’ సిద్ధాంతము, ఇంటర్నెట్టు అను మాటయే పుట్టని కాలమున వెలసి, తొంబదియేండ్ల తరువాత ఇట్లు అక్కరకు వచ్చుట శాస్త్రచరిత్రలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన ఘట్టము.

ప్రొఫైలు పుట యే మెరకనున్నది?

ఇక మన సభ్యత్వ ప్రొఫైలును ఈ పొలములో నిలిపి చూతము. పూతరేకుల వ్యాపారి ఒక ప్రసిద్ధమైన సైటులో ఖాతా తెరచినాడు. పేరు, ఊరు, రెండు వాక్యముల పరిచయము, తన సైటు చిరునామా చేర్చినాడు. ఆ సైటు వెంటనే అతని పేర ఒక క్రొత్త పుటను సృష్టించినది. ఆ పుటకు లంకెనిచ్చువారెవరు? సైటు ముంగిటి పుట లక్షలాది సభ్యులలో నితనిని ప్రత్యేకముగా పేర్కొనదు. అతడక్కడ ఏ చర్చలోను పాల్గొనలేదు, ఎవ్వరికిని సమాధానము చెప్పలేదు గనుక, ఇతర సభ్యుల పుటలనుండి దారి లేదు. బయటి సైట్లకు ఆ పుట యున్నట్లే తెలియదు. డిజిటల్ మార్కెటింగు వృత్తిలోనివారే దీనిని ఆర్ఫన్ పేజ్, అనగా దిక్కులేని పుట యందురు. కాలువ యేదియు చేరని మెరక మడి యది. దానికున్నది వాన నీరు మాత్రమే.

లెక్కవేసి చూతము, ఇందులకు గుణకార భాగహారములు చాలును. ఏ లంకెయు రాని పుటకు లభించు కనీసపు వాటాను ఒక పాలు అనుకొందము. ప్రొఫైలు పుటలో మన లంకె యొక్కటియే యుండదు; పైని పట్టిక, క్రింద నిబంధనలు, ప్రక్కన ఇతర విభాగములు కలిపి 50 లంకెలున్నవనుకొందము. ఆ పాలులో నూటికి 85 వంతులు ఈ 50 కాలువలకు పంచగా, ఒక్కొక్కదానికి వచ్చునది 0.017 పాలు. ఇట్టివి 59 చేరినగాని ఒక పాలు పూర్తి కాదు. ఆ ఒక పాలు ఎంతటిది? మన వ్యాపారి సైటులో ప్రతి పుటయు, ఎవ్వరి సాయమును లేక, కేవలము పుట్టుటచేతనే పొందు వాటా! మరియొక విధముగా చెప్పవలెనన్నచో, 50 సైట్లలో ఖాతాలు తెరచి తెచ్చుకొన్న నీరు, తన సైటులోనే క్రొత్తగా ఒక్క పుట వ్రాసి, దానినుండి ముంగిటి పుటకు ఒకే యొక లంకె తీసినచో వచ్చు నీటితో సమానము. బోర్లించిన కుండపై పలుచని వరిపిండితో రేకు నెట్లు తీయుదురో ఫొటోలతో వర్ణించు పుట యొకటి వ్రాయుట అంతకంటె ఎంత మేలు! దానిని మనుష్యులు చదువుదురు గూడ.

ఇది ప్రకటితమైన తొలి సూత్రము ననుసరించి వేసిన లెక్క. నేటి యంత్రము ఇంతకంటె ఎంతయో సంక్లిష్టము. కాని యా సంక్లిష్టత ప్రొఫైలునకు అనుకూలమైన దిక్కుగా పెరుగలేదు. 2004లో గూగుల్ దాఖలు చేయగా 2010లో మంజూరైన ఒక పేటెంటు, ఊహామానవుడు గ్రుడ్డిగా లంకెలను ఎన్నుకొనునను భావమును సవరించి, ఒక లంకెను నిజమైన పఠిత నొక్కుటకు ఎంత అవకాశము గలదో దానినిబట్టి తూకమీయు విధమును వర్ణించినది. వ్యాసము నడుమ, విషయముతో ముడిపడిన లంకెకు నీరు ఎక్కువ. ఎవ్వరును తెరువని పుటలో, చిన్న అక్షరములలో, ఒక మూలనున్న లంకెకు తక్కువ.

ఈ సందర్భముననే ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ‘డీఏ 90 గల సైట్లనుండి లంకెలు’ అను ప్రకటనలు తరచుగా కనబడును. డీఏ, అనగా డొమైన్ అథారిటీ, మోజ్ అను ప్రైవేటు సంస్థ తన సొంత గణనతో నిచ్చు అంకె. గూగుల్ తన వరుసకట్టుటలో దానిని వాడదు. పైగా అది సైటు మొత్తమునకు వేసిన అంచనాయే గాని, అందులో మారుమూలనున్న యొక పుటకు వేసినది కాదు. చెరువు పేరు చెప్పి మెరక మడిలోని నీటిని అమ్ముచున్నారు. కొనువారిలో ననేకులు కష్టార్జితమును వెచ్చించు చిన్న వ్యాపారులు గనుక, ఈ తేడాను ఎంత గట్టిగా చెప్పినను తప్పు లేదని నా నిశ్చయము.

పేటిక: నోఫాలో అనగా నేమి?

వెబ్ పుట వెనుక, పఠితకు కానరాని సంకేతభాష యొకటి యుండును. అందులో లంకెను వ్రాయుచోట ‘నోఫాలో’ అను చిన్న గుర్తును చేర్చినచో, ‘ఈ లంకెను నేను సిఫారసు చేయుటలేదు, దీనికి తూకమీయకుము’ అని శోధన యంత్రమునకు సైటు యజమాని తెలిపినట్లగును. తూమునకు తలుపు వేసినట్లే. కాలువ కంటికి కనబడును, నీరు పారదు. 2005 జనవరిలో గూగుల్ దీనిని ప్రవేశపెట్టగా, యాహూ, ఎంఎస్ఎన్ శోధన యంత్రములవారును అంగీకరించిరి. ఆంగ్ల వికీపీడియా 2007 జనవరిలో తన బయటి లంకెలన్నింటికిని ఈ గుర్తు చేర్చినది. సభ్యులు వ్రాసికొను ప్రొఫైలు లంకెలకు దీనిని చేర్చుట పెద్ద సైట్లలో సాధారణాచారమైనది. 2019 సెప్టెంబరులో గూగుల్ మరి రెండు గుర్తులను తెచ్చినది: సభ్యులు వ్రాసిన లంకెలకు ‘యూజీసీ’, ధనము తీసికొని వేసిన లంకెలకు ‘స్పాన్సర్డ్’. అప్పటినుండి ఈ మూడింటిని ఖండితమైన ఆజ్ఞలుగా గాక సూచనలుగా గైకొందుమని తెలిపినది. ‘సూచన మాత్రమే గనుక ప్రొఫైలు లంకెకు ఇంకను బలము గలదు’ అని వాదించువారు గలరు. కాని తలుపు తెరచుట యంత్రము విచక్షణకు విడువబడినప్పుడు, తనకు తాను వేసికొన్న లంకెకై అది తెరచునని ఆశించుటకు హేతువు కానరాదు.

స్వల్పమగుటయే పతనహేతువు

నీరు ఇంత కొంచెమైనచో జనులు ఇన్నేండ్లుగా ఈ పని ఎందుకు చేసిరి? తొలినాళ్లలో స్థితి కొంత వేరుగా నుండెను. అనేక చర్చావేదికలు సభ్యులందరి పట్టికను బహిరంగముగా నుంచెడివి. ముంగిటినుండి ఆ పట్టికకు, పట్టికనుండి ప్రతి ప్రొఫైలునకు లంకెలుండెడివి. నోఫాలో గుర్తు లేదు. మెరక మడికిని ఒక సన్నని కాలువ చేరెడిదన్నమాట. అప్పుడును ఒక్కొక్క ప్రొఫైలు తెచ్చునది బిందుమాత్రమే గనుక, ఫలము కనబడవలెనన్నచో వేలకొలది, లక్షలకొలది ప్రొఫైళ్లు కావలసివచ్చెను. అన్నింటిని చేతితో తెరచుట మానవసాధ్యము కాదు గనుక, ఖాతాలను తామే తెరచు ప్రోగ్రాములు పుట్టినవి. ప్రోగ్రాము చేసిన పని యంతయు ఒకే అచ్చున పోసినట్లుండును గనుక, దానిని మరియొక ప్రోగ్రాము సులభముగా గుర్తింపగలిగినది. ఒక్కొక్క లంకె స్వల్పమగుటచే సంఖ్య పెరిగినది. సంఖ్య పెరుగుటచే యంత్రము వచ్చినది. యంత్రము వచ్చుటచే పోలిక బయటపడినది. ఈ గొలుసులో ఏ కడియును విడదీయరానిది.

ఆ పోలికలు ఎట్టివి? ఒకే సభ్యనామము నాలుగువందల సైట్లలో, ఒకే వారమున, ఒకే పరిచయ వాక్యముతో కనబడును. ఖాతా తెరచినవాడు లంకె యొక్కటి వ్రాసి మరల రాడు. లంకె మీది పదములు ‘పూతరేకులు ఆన్‌లైన్’ అని ప్రతిచోట నొక్కటే. ఆ సైట్ల విషయములో కొన్ని మోటారు సైకిళ్లు, కొన్ని ఛాయాచిత్రకళ, కొన్ని వేరొక భాషలోని వంటలు. నిజముగా లోకులు మెచ్చి వేసిన లంకెలు ఇట్లుండవు. అవి వేర్వేరు కాలములందు, వేర్వేరు మాటలతో, విషయసంబంధము గల చోటులనుండి, ఒక క్రమము లేక వచ్చును.

ఈ సంఘర్షణ గూగుల్‌కంటె పూర్వపుది. ఎవరైనను తమ పుట చిరునామాను సమర్పింపగల సౌకర్యమును ఆల్టావిస్టా కల్పింపగా, దానిని ప్రోగ్రాములు ముంచివేయుట చూచి, 1997లో ఆంద్రే బ్రోడర్ మొదలగువారు వంకరటింకరగా నున్న అక్షరముల బొమ్మను చూపి, చదివి వ్రాయుమను పరీక్షను ప్రవేశపెట్టిరి. నేడు ఖాతా తెరచునప్పుడెల్ల మనలను విసిగించు క్యాప్చాకు పూర్వరూపములలో నది యొకటి. 2004లో స్టాన్‌ఫర్డ్, యాహూ పరిశోధకులు ‘ట్రస్ట్‌ర్యాంక్’ అను పద్ధతిని ప్రకటించిరి: విశ్వసనీయములని మనుష్యులే పరీక్షించి తేల్చిన కొలది సైట్లనుండి మాత్రమే విశ్వాసమును ప్రవహింపజేసి, దూరము పెరిగినకొలది దానిని తగ్గించుచు పోవుట దాని సారము. వాన నీటిని అందరికిని పంచుట మాని, మంచి చెరువులనుండియే నీరు విడుచుట యని చెప్పవచ్చును. అప్పుడు దిక్కులేని ప్రొఫైలు పుటకు ఆ బిందువును దక్కదు.

2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక, అమెరికాలోని జె. సి. పెన్నీ అను పెద్ద వస్త్రవ్యాపార సంస్థ అనేక సరకుల వెదకులాటలో మొదటి స్థానమున నిలుచుటకు, సంబంధము లేని వేలాది పుటలలో వేయబడిన లంకెలు కారణమని బయటపెట్టినది. ఆ లంకెలు తమ అనుమతితో వేయబడినవి కావని సంస్థ చెప్పినది. గూగుల్ చర్య తీసికొనగా, కొలది దినములలోనే దాని స్థానములు పుటలకొలది దిగజారినవి. 2012 ఏప్రిల్ 24న వచ్చిన ‘పెంగ్విన్’ అను మార్పు, ఇట్టి పనులను గుర్తించు బాధ్యతను మనుష్యుల చేతినుండి గణనక్రమమునకు విస్తృతముగా అప్పగించినది; ఆంగ్లమున జరుగు వెదకులాటలలో నూటికి 3.1 వంతులపై దాని ప్రభావముండునని గూగుల్ ప్రకటించినది. 2016 సెప్టెంబరులో అది మూలగణనలో కలిసిపోయి, మోసపు లంకెలకు సైటు నంతటిని దండించుటకు మారుగా, ఆ లంకెల తూకమునే లేకుండ జేయు రీతికి మారినది. 2018లో ఆరంభమైన ‘స్పామ్‌బ్రెయిన్’ అను కృత్రిమమేధ వ్యవస్థను 2022 డిసెంబరునుండి లంకెలపై గూడ ప్రయోగించుచున్నారు. ప్రోగ్రాములతో లంకెలు సృష్టించుట, నాసిరకపు డైరెక్టరీలలో చేరుట, చర్చావేదికల సంతకములలో ఎన్నిన పదములతో లంకెలు జొప్పించుట గూగుల్ ప్రకటించిన నిషేధ పట్టికలో స్పష్టముగా నున్నవి.

ఇందు వలన నష్టపోవునది లంకె వేసినవాడు మాత్రమే కాడు. పక్షులను గమనించువారో, పాత నాణెములను కూర్చువారో, ఒక భాషాభిమానులో నడపుకొను చిన్న సైటునకు రోజుకు వందలకొలది శూన్యమైన ఖాతాలు వచ్చిపడినచో, దానిని నడపు స్వచ్ఛంద సేవకుడు తన సాయంకాలములను వానిని తుడిచివేయుటలో గడపవలసివచ్చును. విసిగి సభ్యత్వమునే మూసివేసిన సైట్లు ఎన్నియో. తెలుగు వికీపీడియావంటి సామూహిక నిర్మాణములందును, బయటి లంకెలకు నోఫాలో గుర్తు ఉన్నప్పటికిని, సభ్యుల పుటలలో వ్యాపారపు చిరునామాలు చేర్చువారిని నిర్వాహకులు కనిపెట్టుచు ఉండవలసినదే. లంకె వేసినవానికి దక్కునది శూన్యము, తుడిచినవానికి కలుగునది శ్రమ. ఈ నష్టము ఎవ్వరి లెక్కపుస్తకమునను కానరాదు గనుకనే దీనిని ప్రత్యేకముగా చెప్పుచున్నాను.

ఫలించినట్లు తోచుట యేల?

‘ప్రొఫైళ్లు వేసిన రెండు నెలలకు మా సైటు పైకి వచ్చినది’ అనువారు అబద్ధమాడుచున్నారని నేననను. క్రొత్త సైటు మొదటి నెలలలో గూగుల్ దానిని పూర్తిగా చదివియుండదు. చదివినకొలది స్థానము కొంత కుదుటపడును. ప్రొఫైళ్లు వేయించినవాడు సాధారణముగా అదే సమయమున శీర్షికలు సవరించును, క్రొత్త పుటలు చేర్చును, ఫోనులో త్వరగా తెరచుకొనునట్లు చేయును. పండుగల ఋతువు రాగా వెదకువారే పెరుగుదురు. ఇన్ని కారణములు ఒకేమారు పనిచేసినప్పుడు, ధనము చెల్లించిన కారణమునకే మనస్సు కీర్తి నిచ్చుట సహజము. లంకెలు వేసినవాడు చూపు నివేదికలో లంకెల సంఖ్య యుండునే గాని, వానివలన వచ్చిన మనుష్యుల సంఖ్య యుండుట అరుదు.

ఒక్క మేలు మాత్రము నిజమైనది: ఎక్కడనో యొక లంకె యుండుట వలన యంత్రమునకు క్రొత్త పుట ఉనికి తెలియవచ్చును. కాని యా పనికి ‘సైట్‌మ్యాప్’ అను పద్ధతి, అనగా సైటులోని పుటల పట్టికను నేరుగా యంత్రమునకు అందజేయు విధానము, 2005 నుండియే ఉన్నది. 2006లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి దానిని ఆమోదించినవి. అది ఉచితము, గౌరవప్రదము.

ప్రొఫైలునకు తగిన పని

ఇంతమాత్రమున ప్రొఫైలు నిరర్థకమని తలంపరాదు. దాని సహజధర్మము పరిచయము. తూకము పెంచుట దాని పని కాదు. పరిశోధకునకు 2012లో ఆరంభమైన ఆర్కిడ్ సంస్థ యిచ్చు 16 అంకెల గుర్తింపు, ఒకే పేరుగల ఇద్దరు రావులను, ఇద్దరు రెడ్లను ఎవరి పత్రములు వారికి చెందునట్లు వేరుచేయును. ప్రోగ్రాములు వ్రాయువానికి గిట్‌హబ్ పుట అతని పనికి నిదర్శనము. వ్యాపారికి గూగుల్ పటములో కనబడు బిజినెస్ ప్రొఫైలు, చిరునామా, పనివేళలు, ఫోను సంఖ్య సరిగా నున్నచో, కొనుగోలుదారుని నేరుగా గుమ్మమునకు తెచ్చును. నా మాట విన్నచో, ఊరిలో దుకాణమున్న ప్రతివాడును మొదట పూర్తి చేయవలసినది ఇదియే.

పరిచయమును ఋజువు చేయు ఒక చక్కని యుక్తియు గలదు. కొందరు ప్రతిపాదించిన ‘మీ’ (me, అనగా ‘నేను’) అను ఆంగ్ల గుర్తును లంకెకు చేర్చి, ప్రొఫైలునుండి సైటునకును, సైటునుండి ప్రొఫైలునకును రెండువైపుల లంకెలు వేసినచో, రెండును ఒక్కనివే యని యంత్రము పరీక్షించి తెలిసికొనగలదు. మాస్టొడాన్ అను సామాజిక మాధ్యమము 2018 నుండి ఈ విధముగనే సభ్యుల సైట్లను ధ్రువపరచుచున్నది. ఇక్కడ గూడ లంకె వేసికొన్నవాడు తానే. అయినను ఆక్షేపణకు తావులేదు. ‘నేను గొప్పవాడను’ అని గాక, ‘ఇదియు నేనే, అదియు నేనే’ అని మాత్రమే అతడు చెప్పుచున్నాడు. ఆ మాట చెప్పుటకు అతనికంటె అర్హుడు లేడు.

ఇదివరకే అట్టి ప్రొఫైళ్లను కొని వేయించినవారు భయపడనక్కరలేదు. గూగుల్ 2012 అక్టోబరులో, అక్కరలేని లంకెలను లెక్కింపవద్దని కోరుటకు ‘డిసవౌ’ అను సాధనమును కల్పించినది. కాని గూగుల్‌నుండి నేరుగా హెచ్చరిక వచ్చినవారికి, రావచ్చునని ఎరిగినవారికి తప్ప అది అవసరపడదు. పాస్‌వర్డు జ్ఞాపకమున్న ఖాతాలను మూసివేయుట మాత్రము మంచిది. మరచిపోయిన ఖాతా పరులచేత చిక్కినచో, మీ పేర వారేమి వ్రాయుదురో తెలియదు.

ఇకమీదట ఎవరైనను ప్రొఫైలు లంకెల జాబితాను మీ ముందుంచినచో, సొమ్ము చెల్లింపకముందు దానిలో ఏ అయిదు పుటలనైనను మీరే తెరచి చూడుడు. ఆ పుట చిరునామాను గూగుల్‌లో వెదకి, గూగుల్ దానిని తన సంచయమున చేర్చుకొన్నదో లేదో చూడుడు. కంప్యూటరులో ఆ పుటపై కుడి మీట నొక్కి, ‘వ్యూ పేజ్ సోర్స్’ తెరచి, మీ వంటివారి లంకెల ప్రక్కన నోఫాలో, యూజీసీ అను గుర్తులున్నవేమో వెదకుడు. ఆ సైటునకు వచ్చువారిలో పూతరేకులు కొనదగిన మనుష్యు డొక్కడైన ఉండునా యని ఆలోచింపుడు. ఈ మూడు పరీక్షలలో నిలువని జాబితాకు ఒక్క రూపాయియు ఈయవలదు. ఆ ధనమును, ఆ కాలమును మీ సరకును గురించి మీకు మాత్రమే తెలిసిన సంగతులను మీ సైటులో వ్రాయుటకు వినియోగింపుడు.